కీలో లేని జవాబు

"షార్ట్‌కట్" అనే మాట వింటే నాకు అసహ్యం. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి, ఇలా అనకూడదు. కానీ ఏం చెయ్యను, రోత పుట్టింది. మాది ఎల్లారెడ్డి. ఉద్యోగం కామారెడ్డిలో, ఒక ప్రైవేటు బడిలో. పొద్దున బస్సెక్కి లింగంపేట మీదుగా పోవడం, సాయంత్రం అదే దారిన ఎవరి భుజం మీదో కునికిపాట్లు పడుతూ రావడం. ఇన్నేళ్లలో పిల్లలకు లెక్కలు నేర్పావా అని ఎవరైనా నిలదీస్తే, నేర్పానని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పలేను. మార్కులు తెప్పించాను. అంతవరకు నిజం.

పదో తరగతిలో శ్రేఢులని ఒక పాఠం ఉంటుంది. వరసగా నాలుగైదు సంఖ్యలు ఇస్తారు. వాటిని చూసి, పదోది ఎంత, వందోది ఎంత అని ఎవరు అడిగినా, ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోకుండా ఒక్క దెబ్బకు చెప్పగలిగే సూత్రం కనిపెట్టాలి. దాన్ని సాధారణ పదమంటాం, n వ పదమంటాం. n ఉన్నచోట వంద పెడితే వందో సంఖ్య రావాలి. చదువుకునే రోజుల్లో ఈ పాఠమంటే నాకు ప్రాణం. రేకుల కింద చెమటలు కారుతుంటే, ఒక్క లెక్క కోసం మధ్యాహ్నమంతా కూర్చున్న రోజులున్నాయి. చివరికి సూత్రం దొరికితే, లోకంలో ఇంకెవరికీ తెలియని సంగతి నాకొక్కడికే తెలిసినంత సంబరంగా ఉండేది. ఇంటికొచ్చి మా అమ్మకు చెబితే, "మంచిది గని అన్నం తిను" అనేది.

అలాంటి పాఠాన్ని సారునయ్యాక నేనేం చేశానో వినండి. "తేడా తియ్, తేడాల తేడా తియ్, సగం చెయ్, n² పక్కన పెట్" అని నాలుగు ముక్కల షార్ట్‌కట్ చేశాను. చప్పట్లు కొట్టిస్తూ యాభై మంది చేత పాడించాను. సగం ఎందుకు చెయ్యాలో ఒక్కరూ అడగలేదు. ఒకవేళ ఎవరైనా అడిగినా, "అది పరీక్షలో రాదు, కూర్చో" అనేవాణ్ణి. పక్క సెక్షన్ సారు నా పాట ఎత్తుకుపోయి తన క్లాసులో పాడించాడు. నేను మురిసిపోయాను కూడా. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మొహం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

మా యాజమాన్యానికి బడితో పాటు ఒక జూనియర్ కాలేజీ కూడా ఉంది. ఏటా పదో తరగతి పరీక్షలయ్యాక వాళ్లు ప్రతిభా పరీక్ష అని ఒకటి పెడతారు. మొదటి పది మందికి హాస్టల్‌తో సహా సీటు ఉచితం. అటు భిక్నూర్ నుంచి ఇటు ఎల్లారెడ్డి దాకా పిల్లలు అమ్మానాన్నలను వెంటబెట్టుకొని వస్తారు. ఆ పది సీట్లు ఎర. యాజమాన్యానికి కావలసింది మిగిలిన వాళ్ల ఫోన్ నంబర్లు. ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే "మీ పాపకు ఫీజులో రాయితీ వచ్చింది" అంటూ ఇంటింటికీ ఫోన్లు మొదలవుతాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఏటా పేపర్లు దిద్దడానికి పోయేవాణ్ణి. బిర్యానీ పెడతారు, కవరు ఇస్తారు, పైగా పోకపోతే యాజమాన్యం గుర్తుపెట్టుకుంటుంది.

రెండేళ్ల కిందటి ఏప్రిల్‌లో కూడా అలాగే పోయాను. మా దగ్గర దిద్దే పద్ధతి ఒకటుంది. పేపరు మొత్తం ఒకరే దిద్దరు. సార్లందరినీ బెంచీల మీద వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న అప్పగిస్తారు. పేపరు ఒక చివర మొదలై చేతులు మారుతూ రెండో చివరికి చేరుతుంది. నా వంతుకు పదిహేడో ప్రశ్న వచ్చింది. ఎన్ని పేపర్లు వచ్చినా అందులో పదిహేడో ప్రశ్న దిద్దేది నేనొక్కణ్ణే. అందరి ముందూ తలా ఒక జిరాక్స్ కాగితం పెట్టారు. దాన్ని కీ అంటారు. ఏ ప్రశ్నకు ఏది జవాబో అందులో ఉంటుంది. హైదరాబాదులో ఎవరో పెద్ద నిపుణుడు తయారు చేశాడని చెప్పారు. ఇక మేం ఆలోచించాల్సిన పని లేదన్నమాట.

ఆ గది తలుచుకుంటేనే చీదర. కూలర్లో నీళ్లు మురిగి ఒకటే కంపు. సమోసాలు తిన్న చేతులతోనే పేపర్లు తిప్పుతున్నాం, ఎవరి పిల్లలో కష్టపడి రాసిన కాగితాల మీద మా నూనె వేళ్ల ముద్రలు. ఒకాయన గుట్కా నములుతూ పది నిమిషాలకోసారి లేచి కిటికీలోంచి ఉమ్మి వస్తున్నాడు. కట్టల మీద కట్టలు వస్తున్నాయి. కాసేపటికి నేను చదవడం మానేశాను. కన్ను తిన్నగా జవాబు అడుగుకు పోతుంది. కీలో ఉన్నది అక్కడుంటే నాలుగు మార్కులు, లేకపోతే సున్నా.

పదిహేడో ప్రశ్న ఇది: 1, 7, 19, 37... అని పోయే వరసకు సాధారణ పదం కనుక్కోండి. నా పాటకు అచ్చంగా సరిపోయే లెక్క. పక్కపక్క సంఖ్యల మధ్య తేడాలు 6, 12, 18. ఆ తేడాల మధ్య తేడా ప్రతిసారీ 6. అందులో సగం 3. దాన్ని n² పక్కన పెట్టి, మిగిలింది సర్దితే 3n² − 3n + 1 వస్తుంది. కీలో ఉన్నదీ అదే. మా బడి పిల్లలందరూ అలాగే రాశారు, నేను టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

ఒంటిగంట దాటాక ఒక పేపరు వచ్చింది. అందులో తేడాలు లేవు, తేడాల తేడా లేదు. ఆ నాలుగు సంఖ్యల కింద 1, 8, 27, 64 అని రాసి ఉంది. దాని కింద n³ − (n−1)³ అని ఉంది. గుండ్రటి చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. నా పెన్ను ఆగింది. పక్కన పద్దెనిమిదో ప్రశ్న దిద్దుతున్న సారుకు చూపించాను.

"ఇదేందన్నా, గిట్ల రాసిన్రు?"

"కీల ఉన్నదా?"

"లేదు."

"మరింకేంది? కొట్టెయ్. అవతల బిర్యానీ సల్లారిపోతది."

కొట్టేశాను. అడ్డంగా ఒక ఎర్రగీత, పక్కన సున్నా. ఆ జవాబును విప్పి చూడటానికి రెండు నిమిషాలు పట్టేది. అంత కూడా అక్కర్లేదు. n చోట రెండు పెడితే ఎనిమిదిలోంచి ఒకటి పోయి ఏడు, మూడు పెడితే ఇరవై ఏడులోంచి ఎనిమిది పోయి పంతొమ్మిది. నోటితో అయ్యే లెక్క. లెక్కల సారునని చెప్పుకునే పెద్దమనిషిని, నేను ఆ పాటి కూడా చెయ్యలేదు. లేచి పోయి నా పొట్లంలో లెగ్ పీసు ఉందా లేదా అని చూసుకున్నాను.

వారానికల్లా ఫలితాలు వచ్చాయి. ప్రశ్నల వారీగా మార్కుల చీటీలు ఇచ్చారు, కీని కాలేజీ గోడకు అతికించారు. మే మొదట్లో ఒక ఆదివారం నేను ఎల్లారెడ్డిలో ఇంట్లో ఉండగా తల్లీకూతుళ్లు ఇద్దరు వచ్చారు. లింగంపేట దగ్గర ఒక పల్లె వాళ్లది. తండ్రి దుబాయిలో కూలి పని చేస్తాడు. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. మా అమ్మ కూడా ఓపిక ఉన్నన్నాళ్లూ బీడీలు చుట్టిన మనిషే, కార్ఖానా దగ్గర ఇద్దరికీ పరిచయం. "మా కొడుకు కామారెడ్డిల పేపర్లు దిద్దుతడు" అని మా అమ్మే ఎప్పుడో గొప్పగా చెప్పి ఉంటుంది. పదిహేడో ప్రశ్న దిద్దింది ఎవరో మాత్రం వాళ్లకు తెలియదు.

"రెండు మార్కుల్ల పోయింది సారూ మా పిల్లకు సీటు," అంది తల్లి, కూర్చోమన్నా కూర్చోకుండా. "ఒక్క లెక్కకు సున్న ఏసిన్రు. అది తప్పెట్లయిందో జర చెప్పున్రి, గంతే. మేం కొట్లాడనీకి రాలే."

ఆ అమ్మాయి నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టింది. అదే గుండ్రటి చేతిరాత. 1, 8, 27, 64.

"ఎట్ల చేసినవమ్మా ఇది?" అన్నాను, మొదటిసారి చూస్తున్నవాడిలా.

"కలుపుకుంట పోయిన సార్. మొదట ఒకటి. ఒకటి, ఏడు కలిపితే ఎనిమిది. దానికి పంతొమ్మిది కలిపితే ఇరవై ఏడు. దానికి ముప్పై ఏడు కలిపితే అరవై నాలుగు. అన్నీ ఘనాలే అయినయి. గందుకే ఏ సంఖ్య కావాల్నన్నా, దాని కాడికి అయిన మొత్తంలకెళ్లి ముందటి మొత్తం తీసేస్తే సరిపాయె అనుకున్న."

"కలపాలని నీకెందుకు అనిపించింది?"

అమ్మాయి సిగ్గుపడి తల్లి వంక చూసింది. తల్లే చెప్పింది. "మా ఇంట్ల లెక్కనే గట్ల ఉంటది సారూ." వాళ్లింట్లో తల్లి, నానమ్మ, అక్క, ఈ అమ్మాయి నలుగురూ కూర్చొని బీడీలు చుట్టి ఒకే చాటలో వేస్తారట. ఎవరు కట్ట కట్టినా, అప్పటికి అందరివీ కలిపి ఎన్నయ్యాయో ఆ మొత్తాన్ని పైకి చెబుతారు. నేను ఇన్ని చేశానని ఎవరూ అనరు. అలా అంటే నువ్వు తక్కువ, నేను ఎక్కువ అని కోడళ్లకూ అత్తలకూ పంచాయితీలు వస్తాయని నానమ్మ పెట్టిన కట్టుబాటు అది. ఎవరైనా తన పని ఎంతో తెలుసుకోవాలంటే, ఇప్పటి మొత్తంలోంచి ఇందాకటి మొత్తాన్ని మనసులో తీసేసుకోవాలి. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పిల్ల చెవుల్లో పడుతున్న లెక్క అది. నాలుగు సంఖ్యలు కనబడితే ముందు కలిపి చూడాలనే తోస్తుంది.

ఆమె చెబుతుండగానే నేను మనసులో విప్పాను. n ఘనంలోంచి n−1 ఘనాన్ని తీసేస్తే, ఘనాలు రెండూ కొట్టుకుపోయి 3n² − 3n + 1 మిగులుతుంది. కీలో ఉన్నదే, ఒక్క గుర్తు కూడా తేడా లేదు. నిజానికి కీలో ఉన్నదాని కంటే ఇదే చక్కగా ఉంది. ఆ సంఖ్యలు ఎక్కడి నుంచి పుట్టాయో చూస్తూనే తెలిసిపోతుంది. నేను ఇరవై ఏళ్లు చప్పట్లు కొట్టించి చెప్పలేకపోయింది, ఆ పిల్ల బీడీల చాట ముందు కూర్చొని పట్టుకుంది.

అప్పుడు ఆ తల్లి అసలు సంగతి అడిగింది.

"సీటు పోతే పాయె సారూ. ఎల్లారెడ్డి సర్కారు కాలేజీల ఏస్త. దీనికేమో లెక్కల గ్రూపే కావాల్నంట. వాళ్ల బాపు ఫోన్ల ఏమన్నడంటే, సారును అడుగు, లెక్కలు వస్తయంటే ఎంపీసీ, రావంటే సీఈసీ అన్నడు. మాకేమెరుక? మీరు ఏదంటే గదే."

అమ్మాయి నా మొహం వంకే చూస్తోంది. చెప్పాల్సింది ఎంత? నీ జవాబు సరైనదేనమ్మా, చూడకుండా కొట్టేసింది నేనే. ఇంతే కదా. మా అమ్మ మంచం మీద కూర్చొని, కొడుకు ఇంత పెద్ద సారయ్యాడని మురిసిపోతూ చూస్తోంది. నా భార్య ఛాయ్ తెచ్చి పెట్టి గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్లందరి ముందు చిన్నబోవడం నాకిష్టం లేకపోయింది.

"కీ ప్రకారం లేదమ్మా," అన్నాను. "జవాబు ఎట్లనో అట్ల వస్తే సరిపోదు, పద్ధతి ఉండాలె. పద్ధతి లేకపోతే ఇంటర్‌ల లెక్కలు కష్టమైతయి. ఆలోచించుకోండి."

ఎంత నెమ్మదిగా చెప్పాను! గొంతులో ఎంత పెద్దరికం ఒలకబోశాను! ఆ అమ్మాయి ఒక్క క్షణం నోట్‌బుక్ వైపు చూసుకుంది. తర్వాత దాన్ని మూసేసి, "సరే సార్" అంది. తల్లి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. వాళ్లు తెచ్చిన మామిడికాయలు మా వంటింట్లో పెట్టి పోయారు. మా ఇంట్లో వాటితో పప్పు చేశారు. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, లేచి పెరట్లోకి పోయి కక్కేశాను. ఎండదెబ్బ అనుకొని మా అమ్మ మజ్జిగ ఇచ్చింది.

ఆ మర్నాడే పోయి చెప్పాల్సింది. పోలేదు. రేపు, ఎల్లుండి అని మూడు వారాలు నానబెట్టాను. సెలవుల్లో కూడా అడ్మిషన్ల పనికి మమ్మల్ని రమ్మనేవారు, రోజూ బస్సు లింగంపేటలో ఆగినప్పుడల్లా తల పక్కకు తిప్పుకొని ఫోను చూసుకునేవాణ్ణి. కామారెడ్డి బస్టాండులో దిగగానే ఎదురుగా మా కాలేజీ ఫ్లెక్సీ. ఉచిత సీటు వచ్చిన పది మంది ఫోటోలు, మధ్యలో చేతులు కట్టుకొని నవ్వుతూ మా కరస్పాండెంటు. పదో ఫోటోలో ఉన్న పిల్లవాడు మా బడి పిల్లవాడే. నా పాట పాడినవాడే. వాణ్ణి ఏమనగలను, వాడు నేను చెప్పిందే రాశాడు.

మే చివర్లో ఒకరోజు ఇక ఉండబట్టలేక కరస్పాండెంటు గదిలోకి పోయాను.

"సార్, ప్రతిభా పరీక్షల పదిహేడో ప్రశ్న. ఒక అమ్మాయి జవాబు కరెక్టే ఉన్నది. దిద్దుట్ల పొరపాటు జరిగింది."

"ఎవరు దిద్దిన్రు?"

"గుర్తులేదు సార్."

చూశారా, అక్కడ కూడా అబద్ధమే. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు. "ఆ జవాబు కీల ఉన్నదా?"

"కీల లేదు సార్, కానీ విప్పితే రెండూ ఒకటే అయితయి."

"రెండూ ఒకటే అయినప్పుడు కీల ఉన్నదే రాయొచ్చు గదా ఆ పిల్ల!" అని పకపకా నవ్వాడు. తన తెలివిని తనే మెచ్చుకున్నాడు. "ఫ్లెక్సీలు కొట్టిచ్చినం, న్యూస్ పేపర్లకు ఇచ్చినం. ఇప్పుడు ఒకర్ని పీకేసి ఇంకొకర్ని అంటిస్తమా? మీరు సీనియర్ మనిషి, మీకు నేను చెప్పాల్నా? అంతగా మీ మనసుకు కష్టమైతే ఒక షీల్డు ఇచ్చెయ్యండి. స్టోర్‌ల మస్తున్నయి."

నేను వాదించాలి కదా? టేబుల్ మీద చెయ్యి చరిచి, దిద్దింది నేనే, నా తప్పే అనాలి కదా? "సరే సార్" అన్నాను. స్టోర్‌లోకి పోతే వార్షికోత్సవంలో మిగిలిపోయిన ప్లాస్టిక్ షీల్డులు దుమ్ము కొట్టుకొని ఉన్నాయి. ఉన్నవాటిలో కాస్త మెరుస్తున్నది ఒకటి తీశాను. దాని మీద "లెమన్ అండ్ స్పూన్, ద్వితీయ బహుమతి" అని చీటీ అంటించి ఉంది. బస్సులో కూర్చొని ఆ చీటీని గోటితో గీకాను. కాగితం ఊడింది గానీ జిగురు పోలేదు. రుమాలు తడిపి రుద్దినా పోలేదు, దుమ్ము అంటుకొని ఇంకా నల్లగా తయారైంది. యాభై ఏళ్ల మనిషిని, ఒక పిల్ల బతుకు మీద గీత గీసి, దాని మీద ఇది కప్పడానికి పోతున్నాను. పక్క సీటు ఆయన "ఎవలకు సార్ ప్రైజు?" అని అడిగితే, మా స్టూడెంటుకు అని చెప్పాను.

లింగంపేటలో దిగి, ఆటో ఎక్కి వాళ్ల ఊరు పోయాను. ఇల్లు అడిగితే చూపించారు. ముందర రేకుల పంచలో నలుగురు ఆడవాళ్లూ చాట చుట్టూ కూర్చొని ఉన్నారు. పొగాకు ఘాటుకు నాకు తుమ్ములొచ్చాయి. తల్లి నన్ను చూసి గబగబా లేచి కుర్చీ తుడిచి వేసింది. మా అమ్మ ఎలా ఉందని అడిగింది. నేను సంచిలోంచి షీల్డు తీసి ఇస్తే ఆ తల్లి మొహం వెలిగిపోయింది. "సూడు అత్తా, సారు ఇంటిదాక వచ్చి ఇచ్చిండు" అని నానమ్మకు చూపించింది. నానమ్మ కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూసి, మనవరాలి చేతికిచ్చింది.

అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పింది. జిగురు మరక మీద వేలు పెట్టి చూసింది.

"ఇది దేనికి సార్?"

"ఆ లెక్కకు."

"తప్పు చేసినందుకా?"

వెటకారం లేదు ఆ గొంతులో. అర్థం కాక అడిగింది. నేను ఇంక అబద్ధమాడలేకపోయాను. కొత్త అబద్ధం ఏదీ తోచలేదన్నది అసలు నిజం.

"తప్పు కాదమ్మా," అన్నాను. "నీ జవాబు సరిగ్గనే ఉన్నది. కీల ఉన్నదీ, నువ్వు రాసిందీ రెండూ ఒకటే. దిద్దింది నేనే. చూడకుంట కొట్టేసిన. మా ఇంటికొచ్చిన నాడు నాకు తెలుసు. చెప్పలేదు."

మళ్లీ చాట ముందు కూర్చున్న తల్లి చేతిలో బీడీ ఆకు అలాగే ఉండిపోయింది. "అదేంది సారూ," అంది మెల్లగా. నాలుగు తిట్లు తిట్టి, నా మొహాన ఆ పొగాకు కొట్టి ఉంటే ఎంత బాగుండేదో. పెద్ద సారును ఎలా తిట్టాలో ఆమెకు తెలియదు.

"రెండూ ఒకటే అని నాకు ఎరుకే సార్," అంది అమ్మాయి. "గోడకు అంటిచ్చిన కీ చూసి, గా పొద్దే బస్సుల కూసొని నాది విప్పి చూసుకున్న. గదే వచ్చింది."

"మరి ఆ రోజు అడగలేదేంది?"

"మీరు చెప్తరని సూసిన. మీరు గూడ కాదన్నరు. ఇద్దర్ల ఎవరో ఒకరం తప్పు గదా సార్. మీరు ఇరవై ఏండ్ల సంది చెప్తున్నరంట. అందుకే నేనే అనుకున్న. లెక్కలొచ్చినోళ్లకు కనబడేది ఇంకేదో ఉన్నది, గది నాకు కనబడ్తలేదు అనుకున్న. మొన్ననే కాలేజీల సీఈసీకి ఫారం ఇచ్చొచ్చినం."

"ఫారం మార్చుకోవచ్చమ్మా," అన్నాను. "ఇంకా క్లాసులు షురూ కాలే. నేనే వస్త, ప్రిన్సిపాల్‌తోని మాట్లాడుత. తప్పు నాదని కాగితం మీద రాసిస్త. రేపే పోదాం." మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. మూడు వారాల కింద ఒక్క మాట రాని నోరు అది. తల్లి ఆశగా కూతురి వంక చూసింది.

అమ్మాయి తొందరపడలేదు. షీల్డు గోడకు ఆనించి పెట్టి, ఆలోచించుకొని అడిగింది.

"లెక్కల గ్రూపు తీసుకుంటే గిసొంటి పరీక్షలు మస్తుగ రాయాలె గదా సార్?"

"రాయాలె."

"అవి గూడ మీలాంటోళ్లే దిద్దుతరా?"

కోపంతో అన్నది కాదు. హాస్టల్లో భోజనం ఎలా ఉంటుందని అడిగినంత మామూలుగా, తెలుసుకుందామని అడిగింది. ఆ కీ, ఆ బెంచీలు, ఆ నూనె వేళ్లు నాకు కళ్ల ముందు ఆడాయి. ఆ పిల్లకు ఇంకొక్కసారి అబద్ధం చెప్పలేను.

"అవునమ్మా," అన్నాను. "మాలాంటోళ్లమే."

ఆ అమ్మాయి ఫారం మార్చుకోలేదు.